కొండయేటి సీమలో భూగర్భ జలము: ఉత్తర పినాకిని ఎగువభాగపు రైతులకు ఒక పాఠము

ఉపోద్ఘాతము

ఉత్తర పినాకిని యనబడు పెన్నానది చిక్కబళ్లాపురము చెంతనున్న నందికొండల వరుసలో చెన్నకేశవగిరి యందు పుట్టుచున్నది. ఆ వరుసనుండియే చిత్రావతియు, పాపఘ్నియు బయలుదేరి, వేర్వేరు త్రోవలను కొంతదూరము పోయి, తుదకు కడప సీమలో పెన్నను కలిసికొనుచున్నవి. తుమకూరు ప్రాంతమున దేవరాయనదుర్గపు కొండలలో జనించిన జయమంగళి హిందూపురపు చాయలను పెన్నలో చేరుచున్నది. గౌరిబిదనూరు, బాగేపల్లి, పావగడ తాలూకాలు పూర్వము మైసూరు సంస్థానమునకును, హిందూపురము, మడకశిర, పెనుకొండ తాలూకాలు మదరాసు రాజధానికిని చెందియుండెను. ఇప్పుడవి కర్ణాటకాంధ్ర రాష్ట్రములలో నున్నవి. పాలన రెండుగా నున్నను, నేల యొక్కటి, రాయి యొక్కటి, రైతుల కష్టమును ఒక్కటియే.

ఆ కష్టము యేమన, బావులలో నీరు తగ్గుట. తాతలనాడు కపిలతో తోడిన బావులు నేడు అడుగున బండ కనబడునట్లు ఎండియున్నవి. వాని ప్రక్కన త్రవ్విన బోరుబావులు నూఱడుగులనుండి మున్నూఱడుగులకును, అచటినుండి పెక్కుచోట్ల వేయి అడుగులకు మించియు దిగినవి. బోరు వేయించుటకై చేసిన అప్పు తీరకమునుపే బోరు ఎండుటయు, మరియొక బోరునకై మరియొక అప్పు చేయుటయు, తుదకు పొలమే చేయిమాఱుటయు ఈ సీమలో అరుదు కాదు. కావున నేలక్రింది నీరు ఎక్కడనుండి వచ్చును, ఎంత వచ్చును, ఎంతవరకు వాడుకొనవచ్చును అను మూడు సంగతులను భూస్వామియగు ప్రతి రైతును తన కందాయపు లెక్కవలెనే తెలిసికొని యుండుట యవసరము.

1. సీమ స్వరూపము

ఈ సీమలో కొండలును, వాని నడుమ పల్లపు లోయలును కలవు. కొండలు చాలవఱకు నున్నని నల్లసేనపు బండలు. వానిపై పడిన వాన నిలువక దొర్లిపోవును. కొండపాదమున రాళ్లును, గరుసును, ఇసుకయు చేరి యొక వాలుకట్టుగా నేర్పడియుండును. కొండనుండి దిగిన నీటిలో కొంత ఇచట ఇంకును. ఇంకినది మెల్లగా పల్లమునకు నేలలోపలనే నడచును. పల్లమున చెరువులును, వాని క్రింద తరి భూములును, అడుగున ఏఱును ఉండును.

ఈ వరుసను జ్ఞాపకముంచుకొనిన యెడల బావుల గుణము తేటపడును. మిట్టనున్న బావి ముందు నిండి ముందు ఎండును. పల్లపు బావి ఆలస్యముగా నిండి, వేసవి చివర వఱకు నిలుచును. మిట్టబావిలో నీరు తగ్గుట పల్లపు బావి యజమానునకు ముందు రాబోవు కరవునకు సూచన. అది యొరుల బావి యని ఉపేక్షింపరాదు.

కొన్నిచోట్ల నల్లరాతి దిండు ఒకటి నేలలో గోడవలె నిలువుగా చాల దూరము పాఱియుండును. ఇది పూర్వకాలమున కరగిన రాయి పగుళ్లలో చొచ్చి గట్టిపడుటచే కలిగినది. పగుళ్లు లేని దిండు నేలక్రింది నీటికి ఆనకట్టవంటిది. దానికి ఎగువప్రక్కన నున్న బావిలో నీరు సమృద్ధిగాను, దిగువప్రక్కన నూఱుగజముల లోపలనే యున్న బావిలో కొఱతగాను ఉండుటకు ఇదియే కారణము కావచ్చును.

2. నేలక్రింద నీరు ఉండు విధము

భూమిలోపల నదులు ప్రవహించుచున్నవనియు, వాని "జల" తగిలినచో నీరు ఎన్నటికి తఱుగదనియు అనేకులు నమ్ముదురు. ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుని బృహత్సంహితయందు భూజలమును గుర్తించుటకు ఒక యధ్యాయమే కలదు. దానియందు చెట్లను, పుట్టలను చూచి నీటిని ఊహించు పద్ధతులు చెప్పబడినవి. పచ్చని చెట్టును, చెదపుట్టయు తేమను కోరునవి గనుక అవి కొన్నియెడల నీటికి గుర్తులగుట సహజమే. కాని నేలక్రింద తఱుగని నది యున్నదను నమ్మకము ఈ రాతిసీమకు చెల్లదు.

ఇచటి నేల మూడు పొరలు. పైన మన్ను. దానిక్రింద శిథిలమై మెత్తబడిన రాయి, అనగా రైతులు మొరుమనియు గరుసనియు పిలుచునది. దీని మందము సాధారణముగా ముప్పదినుండి అఱువది అడుగులు. దాని క్రింద పగుళ్లుగల బండ, ఆపైన పగుళ్లు సన్నగిల్లి, తుదకు పగులులేని గట్టిబండ. నీరు నిలువయుండుట ముఖ్యముగా మొరుము పొరలోనే. బండలోని పగుళ్లు ఆ నీటిని బావికి తెచ్చు కాలువలేగాని వేఱుగా నీరు నిలువచేయు కొట్లు కావు.

మొరుము పొరయు పెద్ద కొట్టు కాదు. నీటితో నిండిన మొరుము నూఱు ఘనపుటడుగులనుండి బావిలోనికి ఊరునది ఇంచుమించు రెండు ఘనపుటడుగులు మాత్రమే. బంకమన్ను ఎక్కువగా నున్నచో అంతకంటె తక్కువ, ఇసుకపాలు ఎక్కువగా నున్నచో మూడునాలుగు వఱకు ఉండును. పగుళ్లులేని బండలో నూటికి అర్ధభాగమైనను రాదు. ఏటి ఇసుకలో మాత్రము నూటికి పదునాఱు వఱకు నీరు దొరకును. అనగా ఒక అడుగు మందము ఇసుక ఎనిమిది అడుగుల మొరుముతో సమానమైన నీటిని ఇయ్యగలదు. ఈ యంకెను ముందు మరల ఉపయోగింపవలసి యున్నది.

3. జమ: వానవలన చేరు నీరు

భూజలపు ఖాతాకు జమ వానయే. అనంతపురపు చుట్టుప్రక్కల సాలుకు ఇరువది రెండు అంగుళములు, నందికొండల వైపున అంతకంటె కొంత యెక్కువయు వాన పడును. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఎక్కువభాగము కురియును. లెక్కకై సరాసరి 24 అంగుళములని పెట్టుకొందము.

ఈ వానలో చాల భాగము ఆవిరియగును. పైరులును చెట్లును కొంత త్రాగును. కొంత వాగులలో పాఱును. గ్రానైటు, నీసు రాళ్లు మగ్గిన నేలలో భూజలమునకు చేరునది ఇంచుమించు పదవవంతు అని భూగర్భ జలశాస్త్రజ్ఞులు పరిశీలనముల వలన నిర్ణయించిరి. బంకనేలలో ఎనిమిది పాళ్లు, గరుసునేలలో పదునొకండు పాళ్లు నూటికి చొప్పున లెక్కకట్టుట వాడుక. పదవవంతు చొప్పున 24 అంగుళముల వానకు 2.4 అంగుళములు నేలలో చేరును.

మొరుములో నూటికి రెండుపాళ్లే నీటికి తావు గనుక, ఈ 2.4 అంగుళములు నేలలో 120 అంగుళముల యెత్తు, అనగా పది అడుగులు నింపును. కావున మంచి సంవత్సరమున వానకాలమునకు ముందు ముప్పదియడుగుల లోతుననున్న నీరు కార్తికమాసమునకు ఇరువది అడుగులకు పైకి వచ్చుట స్వభావము. ఈ పది అడుగులే ఆ సాలు ఆదాయము. దానికంటె క్రింద నున్నది పూర్వులు కూడబెట్టిన మూలధనము.

4. ఖర్చు: పైరులు త్రాగు నీరు

ఒక ఎకరపు నేలపై ఒక అంగుళము లోతున నిలుచు నీటిని ఒక ఎకరపుటంగుళము అందురు. వరి పైరునకు నాటినది మొదలు కోతవఱకు ఇంచుమించు 48 అంగుళములును, వేరుశనగకు 20 అంగుళములును, నీరు పెట్టి పండించు రాగికి 15 అంగుళములును కావలెను. చెఱకునకు 80 అంగుళములకు తక్కువ చాలదు.

ఒక ఎకరము నేలలో చేరు ఆదాయము 2.4 అంగుళములు. వరి ఎకరమునకు 48. కనుక ఒక ఎకరము వరి ఇరువది ఎకరముల భూజలపు ఆదాయమును త్రాగుచున్నది. వేరుశనగ ఎనిమిది ఎకరముల ఆదాయమును, రాగి ఆఱు ఎకరముల ఆదాయమును త్రాగును.

ఇచట ఒక ఆక్షేపణ కలుగవచ్చును. మడిలో పెట్టిన నీరు కొంత మరల నేలలో ఇంకి బావికే వచ్చును గదా యని. అది నిజమే. నీరు ముప్పది అడుగుల లోపల నున్నపుడు వరిమడినుండి ఇంచుమించు సగము వఱకు తిరిగి చేరును. నీరు ఎనుబది అడుగులకు దిగినపిమ్మట అయిదవవంతు మాత్రమే చేరును. పూర్వము కపిలబావి క్రింద వరి పండినను బావి నిలిచియుండుటకును, నేడు బోరు క్రింద అదే వరి బోరును ఎండించుటకును ఇది యొక కారణము. నీరు లోతునకు పోయినకొలది పోయిన నీరు తిరిగి వచ్చుట తగ్గును.

5. ఒక గ్రామపు జమాఖర్చు

ఉదాహరణమునకు, చుట్టును మిట్టలుగల వేయి ఎకరముల చిన్న లోయలో ఒక గ్రామము కలదనుకొందము. దానియందు నిండినపుడు నలువది ఎకరములు ముంచు చెరువొకటి యున్నది.

జమ. వానవలన వేయి ఎకరములపై 2.4 చొప్పున 2,400 ఎకరపుటంగుళములు. చెరువునుండి ఇంకునది దినమునకు 1.4 మిల్లీమీటరుల చొప్పున, నిండు విస్తీర్ణములో నూటికి అఱువది పాళ్లపై, నాలుగునెలలు నిలిచిన యెడల 160. మొత్తము 2,560.

తప్పని ఖర్చు. ఏటిలోనికిని దిగువ గ్రామమునకును సహజముగా ఊరి పోవునది పదవవంతు, అనగా 256. మనుష్యులకును పశువులకును త్రాగు నీరు సుమారు 200. ఇవి తీసివేయగా వ్యవసాయమునకు మిగులునది సుమారు 2,100 ఎకరపుటంగుళములు.

వరికి పెట్టిన 48 అంగుళములలో అయిదవవంతు తిరిగి చేరినను ఎకరమునకు నికరముగా 38 ఖర్చగును. కనుక ఈ గ్రామమున బావులక్రింద 55 ఎకరములకు మించి వరి వేయుటకు వీలు లేదు. వేరుశనగ యైనచో 105 ఎకరములు, రాగి యైనచో 140 ఎకరములు సాగగును.

ఇప్పుడు ఆ గ్రామమున ఇరువదిమంది రైతులు తలకొక బోరు వేసి, తలకు అయిదేసి ఎకరముల వరి నాటినారనుకొందము. ఎవరి పొలములో వారికి అయిదెకరములు ఎక్కువగా తోపదు. కాని మొత్తము నూఱెకరములు, ఖర్చు 3,800. ఆదాయముకంటె 1,700 ఎక్కువ. ఈ లోటు మూలధనమునుండి పోవలెను. వేయి ఎకరములపై పఱచినచో అది 1.7 అంగుళములు. మొరుములో అది 85 అంగుళముల దిగుడు, అనగా ఏటేట ఏడడుగులు. నలువది అడుగుల బావి అయిదారేండ్లలో ఎండును. వాన సరిగా పడినను ఎండును. రైతులు వానను నిందింతురు గాని లెక్క వానది కాదు.

వాన తగ్గినపుడు లోటు ఇంకను హెచ్చును. 2021వ సంవత్సరము నవంబరులో వలె అతివృష్టి కురిసినపుడు చెరువులు నిండి, బావులు పైకి వచ్చును. అట్టి సంవత్సరము దేవుడిచ్చిన జమ. ఆ జమను చూచి వరి విస్తీర్ణము పెంచినవాడు రెండేండ్లలో దానిని ముగించును. దానిని తరువాతి కరవునకు నిలువయుంచినవాడు మూడవయేడును బావిలో నీరు చూచును.

6. లోతుబోరు విషయము

బావి ఎండగానే ఇంకను లోతునకు పోయినచో నీరు దొరకునను ఆశ సహజము. ఈ సీమ రాళ్లలో నీరిచ్చు పగుళ్లు సాధారణముగా మున్నూఱడుగుల లోపలనే యుండును. అంతకు క్రింద అక్కడక్కడ ఒక పగులు తగులవచ్చును గాని, వేయిమందిలో కొందఱకు దొరకిన దానిని చూచి అందఱును అప్పుచేయుట జూదముతో సమానము. లోతున దొరకిన నీరును పైనున్న మొరుమునుండి దిగినదే. పైపొర ఎండినపిమ్మట లోతుబోరు కొంతకాలము పోసి, క్రమముగా గాలి వదలును. అంతలో ఇరుగుపొరుగు బావుల నీటినిగూడ అది లాగుకొనును.

లోతునీటికి మరియొక దోషము కలదు. గ్రానైటు రాళ్లలో ఫ్లోరైడు అను పదార్థమున్నది. నీరు రాతితో ఎక్కువకాలము కలిసియున్న కొలది అది నీటిలో కరగును. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడుగల నీరు త్రాగుటకు తగదు. చిన్ననాటినుండి అట్టి నీరు త్రాగినవారి పండ్లు గారపట్టి మచ్చలుపడును. ఇంకను ఎక్కువైనచో ఎముకలు బిగిసి నడుము వంగును. ఈ వ్యాధి మనదేశమున 1937వ సంవత్సరమున నెల్లూరు జిల్లాలో శాస్త్రజ్ఞులచే గుర్తింపబడినది. పెన్న ఎగువభాగమునను, కోలారు, చిక్కబళ్లాపుర, అనంతపుర ప్రాంతములలోను అనేక గ్రామముల బోరునీటిలో ఫ్లోరైడు అధికముగా నున్నది. నీటిని కాచుటవలన ఈ దోషము పోదు. ప్రతి గ్రామమువారును త్రాగునీటి బోరును పరీక్ష చేయించి, దోషమున్నచో వాననీటిని గాని, శుద్ధిచేసిన నీటిని గాని త్రాగవలెను.

7. ఏటి ఇసుకయు, ఊటకాలువలును

ఇసుక మొరుముకంటె ఎనిమిదింతలు నీటిని ఇయ్యగలదని పైన చెప్పబడినది. పూర్వులు ఈ గుణమును బాగుగా ఎఱిగియుండిరి. పెన్న, చిత్రావతి, పాపఘ్ని, జయమంగళి ఏఱులలో వేసవియందును ఇసుకలో దొరువులు తీసి నీరు తోడుకొనిరి. ఏటి ఇసుకలో వాలుగా గండ్లుతీసి, ఊటనీటిని కాలువగా పొలములకు నడపిరి. వీనినే ఊటకాలువలందురు. పావగడ, మధుగిరి, మడకశిర ప్రాంతములలో తలపరిగె లను ఊటలు గ్రామస్థుల యుమ్మడి సొత్తుగా నుండి, వంతులవారీగా నీరు పంచుకొనబడుచుండెను. ఊట తఱిగినపుడు అందఱును కూడి పూడిక తీసిరి. వంతు తప్పినవానికి అపరాధము విధించిరి.

ఊటకాలువ పాఱుటకు ఒక నియమమున్నది. ఏటికి రెండువైపుల నున్న పొలములలో భూజలము ఏటి యడుగుకంటె ఎత్తున నుండవలెను. అప్పుడు పొలములనుండి ఏటికి నీరు ఊరును. బోరులవలన భూజలము ఏటి యడుగునకు క్రిందికి దిగినచో క్రమము తలక్రిందులగును. ఏటినుండియే పొలములక్రిందికి నీరు దిగిపోవును. ఇసుక ఎండును, ఊట నిలుచును, వరద వచ్చినను నాలుగుదినములకే ఏఱు ఎండును. పెక్కు ఊటకాలువలు నశించుటకు ఇది ముఖ్యకారణము.

రెండవకారణము ఇసుకను ఇండ్లకట్టడమునకై తరలించుట. ఒక ఎకరము ఏటిలో పదియడుగుల ఇసుక నూఱుపాళ్లకు పదునాఱు చొప్పున 19 ఎకరపుటంగుళముల నీటిని దాచును. ఆ ఇసుక పోయి బండ బయలుపడినచో ఆ కొట్టు శాశ్వతముగా పోయినట్లే. ఇసుక బండిచొప్పున వచ్చు రూకలు ఒక్కసారి వచ్చును. ఆ నీరు ఏటేట వచ్చెడిది.

8. చెరువులు

పెన్నా పరీవాహకములోనే కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర రాజపుత్రుడగు భాస్కరుడు 1369వ సంవత్సరమున ఒక చెరువు నిర్మింపించి శాసనము వేయించెను. అందు చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములును, ఉండరాని ఆఱు దోషములును చెప్పబడినవి. నీరు కొంచెమై ఆయకట్టు నేల విస్తారమగుట ఒక దోషము. రెండు రాజ్యముల యెల్లయందు చెరువుండుట మరియొక దోషము. ఆఱువందల యేండ్లకు పూర్వము చెప్పిన ఈ రెండు మాటలును నేటి భూజలమునకు అక్షరాల సరిపోవుచున్నవి.

చెరువు పూడిక తీయుటవలన రెండు లాభములు కలవు. చెరువు అడుగున పేరుకొనిన మెత్తని ఒండ్రు నీటిని ఇంకనీయదు. దానిని తీసినచో క్రింది బావులకు ఊట హెచ్చును. ఆ ఒండ్రు మెట్టచేలకు మంచి ఎరువు. కాని చెరువునకు వచ్చు పాఱుదల కాలువలను దున్నుకొనిన యెడల పూడిక తీసియు ప్రయోజనములేదు. కనుక ముందు కాలువలు, పిమ్మట పూడిక.

మిట్టభూములలో గట్లు వేయుట, చిన్న అడ్డుకట్టలు కట్టుట, ఎండిన బావులలోనికి వడగట్టిన వాననీటిని మళ్లించుట మంచిపనులే. అయితే వానను కొత్తగా పుట్టించునది ఏదియు లేదు. మిట్టన ఆపిన నీరు పల్లపు చెరువునకు తగ్గును. అందుచే ఎగువ దిగువ గ్రామములవారు కలిసి యాలోచించి కట్టడములను నిర్ణయించుకొనవలెను.

9. బావిని కొలుచు విధము

లెక్క లేనిదే ఆదాయము తెలియదు. కొలుచుటకు విశేషపరికరములు అక్కఱలేదు.

వానను కొలుచుటకు నిలువుగోడలుగల ఏ పాత్రయైనను చాలును. దానిని చెట్లకును, గోడలకును దూరముగా బయట సమముగా నుంచి, ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నర గంటలకు కొలతపుల్లతో నీటి లోతు చూచి వ్రాసికొని, పాత్రను ఒలుకవలెను.

బావిని కొలుచుటకు బరువుకట్టిన కొలతత్రాడు చాలును. బావియంచున ఒకచోట చెరగని గుర్తుపెట్టి, ఎల్లప్పుడు ఆ గుర్తునుండియే కొలువవలెను. పంపు నిలిపి ఒక రాత్రి గడచినపిమ్మట తెల్లవాఱున కొలుచుట శ్రేష్ఠము. ఏలయన తోడుచున్నపుడు కనబడు మట్టము బావి మట్టమే గాని నేల మట్టము కాదు. నెలకొకసారి కొలువ వీలులేనిచో జనవరి, మే, ఆగస్టు, నవంబరు నెలలలోనైనను తప్పక కొలువవలెను. బోరుబావి వేయించునపుడే కొలతకై ఒక సన్నని గొట్టమును ప్రక్కన దింపించుకొనవలెను.

ఈ అంకెలలో రెండు ముఖ్యమైనవి. మే నెల మట్టమునకును నవంబరు మట్టమునకును గల భేదము ఆ సాలు జమ. ఈ సంవత్సరపు మే మట్టమునకును నిరుటి మే మట్టమునకును గల భేదము నిలువలో హెచ్చుతగ్గు. మే మట్టము మూడేండ్లు వరుసగా దిగినచో ఆ గ్రామము మూలధనమును తినుచున్నదని నిశ్చయము.

2000 సంవత్సరమునకు పిమ్మటి దశకమున ఆంధ్రదేశపు ఏడు కరవుజిల్లాలలో కొన్నివందల గ్రామముల రైతులు ఈ పద్ధతిని తామే నేర్చుకొని నడపిరి. వానను, బావులను కొలిచి, యాసంగికి ముందు గ్రామసభలో నీటి లెక్కను చదివి, వేయదలచిన పైరుల ఖర్చును దానికి సరిచూచుకొనిరి. ఏ రైతు ఏ పైరు వేయవలెనని ఎవరును శాసింపలేదు. అయినను లెక్క కన్నులయెదుట నిలిచినందున అనేకులు తమంతటతామే వరి తగ్గించి తక్కువనీటి పైరులకు మఱలిరి.

10. ఇరుగుపొరుగు ధర్మము

1882వ సంవత్సరపు ఈజుమెంటు చట్టము ననుసరించి తన నేలక్రింది నీటిని తోడుకొనుటకు భూస్వామికి హక్కు కలదు. కాని నీరు గట్టు నెఱుగదు. ఒకని పొలములో ఇంకినది మరియొకని బావిలో ఊరును. 1892వ సంవత్సరమున మైసూరు, మదరాసు ప్రభుత్వములు పెన్న, చిత్రావతి, పాపఘ్ని మొదలగు నదులపై క్రొత్త జలాశయములను గూర్చి ఒడంబడిక చేసికొన్నవి. అది నేలపై పాఱు నీటిని గూర్చినది. నేలక్రింది నీటిని గూర్చి అట్టి ఒడంబడిక గట్టునకు గట్టునకు నడుమ, గ్రామమునకు గ్రామమునకు నడుమ రైతులే చేసికొనవలసియున్నది.

ఆంధ్రమున 2002వ సంవత్సరపు వాల్టా చట్టమును, కర్ణాటకమున 2011వ సంవత్సరపు భూజల చట్టమును నిర్ణీత ప్రాంతములలో అనుమతిలేనిదే బోరు వేయరాదని విధించుచున్నవి. చట్టమునకు వెఱచి కాక, తన బావి నిలుచుటకై యైనను రైతు దీనిని పాటించుట మేలు. ఇద్దఱు ముగ్గురు పొరుగువారు కలిసి ఒక్క బోరుతో వంతులవారీగా తోడుకొనుటవలన అప్పు తగ్గును, నీరు నిలుచును. తలపరిగె వంతులను నడపిన వారి మనుమలకు ఇది క్రొత్తవిద్య కాదు.

సంగ్రహము

రైతులు జ్ఞాపకముంచుకొనవలసిన సంగతులు:

ఒకటి. నేలక్రింద నది లేదు. మొరుములో నిలిచిన వాననీరే కలదు.

రెండు. మంచివాన బావిని ఇంచుమించు పదియడుగులు పెంచును. అదియే ఆ సాలు వాడుకకు గల నీరు.

మూడు. బావిక్రింద ఒక ఎకరము వరి ఇరువది ఎకరముల ఆదాయమును త్రాగును. వరిని చెరువు నిండిన యేట చెరువుక్రిందనే వేయుట తగును. బావిక్రింద రాగి, వేరుశనగ, కూరగాయలు వేసి, వీలైనచోట బిందుసేద్యము చేయవలెను.

నాలుగు. మున్నూఱడుగుల లోపల నీరు పడనిచోట అప్పుచేసి ఇంకను లోతునకు పోరాదు. లోతునీటిని పరీక్షింపక త్రాగరాదు.

ఐదు. ఏటి ఇసుకను, చెరువు కాలువలను కాపాడుట బావిని కాపాడుటయే.

ఆఱు. ప్రతి సంవత్సరము మే నెలలోను, నవంబరు నెలలోను బావిని కొలిచి, ఆ అంకెలను గ్రామచావడి గోడపై అందఱకు కనబడునట్లు వ్రాయవలెను.

కందాయపు లెక్కలో తప్పు దొరలినచో జమాబందిలో సవరించుకొనవచ్చును. భూజలపు లెక్కలో తప్పు దొరలినచో సవరించునది వాన యొక్కటియే. అది ఎన్నడు సవరించునో ఎవరును చెప్పజాలరు. కావున యాసంగి విత్తనములు కొనుటకు ముందే బావి కొలుచుట బుద్ధిమంతుల లక్షణము.